మూడేళ్ళ పిల్లలకి ఇంట్లోనే బడి: వంటగది సామాన్లతో మాంటిస్సోరి పద్ధతి మొదలుపెట్టడం ఎలా

మా చిన్నదానికి మూడేళ్ళు నిండగానే దగ్గర్లో ఉన్న ఒక ప్లేస్కూల్లో వేశాం. రెండో వారానికే నాలుగు గీతల నోట్‌బుక్ ఇచ్చి రోజుకో పేజీ రాయించమన్నారు, ముందు నిలువు గీతలు, తర్వాత అడ్డగీతలు, నెల తిరక్కుండానే ఏ బీ సీ డీలు. సాయంత్రం ఆరయ్యేసరికి ఇంట్లో ఏడుపు మొదలయ్యేది. నేను చెయ్యి పట్టుకుని దిద్దించడం, అది పెన్సిల్ విసిరేయడం, నేను కేకలెయ్యడం, తర్వాత నేనే కూర్చుని బాధపడటం. "మీ పాప ఒక్క నిమిషం కుదురుగా కూర్చోదండీ, ఫోకస్ లేదు" అని స్కూల్లో కంప్లయింట్. అదే వారం ఆవకాయ పెడుతూ దాని ముందు నాలుగు వెల్లుల్లి పాయలు పెట్టాను, ఊరికే అడ్డం రాకుండా ఉంటుందని. ముప్పావుగంట కదల్లేదు. ఒక్కో రెబ్బ గోటితో గిల్లి, పొట్టు ఊది, నున్నగా ఉందో లేదో బుగ్గకి ఆనించి చూసుకుని గిన్నెలో వేసింది. ఫోకస్ లేదన్న పిల్లే ఇది.

అక్కడి నుంచి నేను మాంటిస్సోరి పద్ధతి గురించి చదవడం, ఇంట్లో చేసి చూడటం మొదలుపెట్టాను. రెండేళ్ళయింది. చాలామంది "ఎలా స్టార్ట్ చెయ్యాలి, ఎంత ఖర్చవుతుంది, ఏ కిట్ కొనాలి" అని అడుగుతున్నారు కాబట్టి మొదటి రోజు నుంచి వరసగా రాస్తున్నా. కిట్ ఏమీ కొనక్కర్లేదు, ముందే చెప్పేస్తున్నా. రెండున్నర నుంచి ఐదేళ్ళ లోపు పిల్లలున్న ఎవరైనా రేపు పొద్దున్నే మొదలుపెట్టొచ్చు.

అసలు ఈ పద్ధతి ఎక్కడిది

మరియా మాంటిస్సోరి ఇటలీలో 1870లో పుట్టిన డాక్టరమ్మ. 1907 జనవరి 6న రోమ్‌లో శాన్ లొరెంజో అనే పేదల పేటలో, పొద్దున్నే కూలికి వెళ్ళిపోయే వాళ్ళ పిల్లల కోసం ఒక గది తెరిచారు, దానికి 'పిల్లల ఇల్లు' అని పేరు పెట్టారు. అక్కడ ఆవిడ చేసిన పెద్ద పని ఏంటంటే చూడటం. మూడేళ్ళ పాప ఒకతి చెక్క దిమ్మలో వేరు వేరు సైజుల బిళ్ళలు పెట్టడం, తియ్యడం, మళ్ళీ పెట్టడం, అలా నలభై సార్లకు పైగా చేసిందట, చుట్టూ పిల్లలతో పాటలు పాడించినా, కుర్చీతో సహా ఎత్తి బల్ల మీద పెట్టినా ఆపలేదు. చిన్న పిల్లలకి ఏకాగ్రత ఉండదు అనే మాట తప్పని ఆవిడకి అక్కడ రుజువైంది, చేతికి సరైన పని దొరికితే ఏకాగ్రత దానంతటదే వస్తుంది.

ఇది మనకి పరాయి పద్ధతి అనుకోకండి. ఆవిడ 1939లో దివ్యజ్ఞాన సమాజం (థియోసాఫికల్ సొసైటీ) వాళ్ళ పిలుపు మీద మద్రాసు అడయారు వచ్చారు, మూణ్ణెల్లు ఉందామని వస్తే యుద్ధం వచ్చిపడింది, ఇటలీ శత్రుదేశం అయిపోయింది, కొడుకు మారియోని బ్రిటిష్ వాళ్ళు కొన్నాళ్ళు నిర్బంధంలో పెట్టారు, అలా 1946 దాకా ఇక్కడే ఉండిపోయారు. అడయారులోను, కొడైకెనాల్‌లోను ఉండి వెయ్యిమందికి పైగా టీచర్లకి ట్రైనింగ్ ఇచ్చారు. అంతకు ముందే గుజరాత్ భావనగర్‌లో గిజుభాయి బధేకా 1920లో బాలమందిరం పెట్టి ఇదే దారిలో నడిచారు. ఆయనతో పనిచేసిన తారాబాయి మోడక్, తర్వాత ఆవిడతో కలిసిన అనుతాయి వాఘ్ మహారాష్ట్ర బోర్డీ, కోస్బాడ్ పల్లెల్లో గవ్వలు, ఆకులు, రాళ్ళు, పుల్లలు ఇవే సామాన్లుగా చిన్న పిల్లల బడి నడిపారు. పిల్లలు బడికి రాకపోతే బడినే వాళ్ళ వాకిట్లోకి పట్టుకెళ్ళారు, మన అంగన్‌వాడీ ఆలోచన అక్కడిదే. అంటే ఖరీదైన చెక్క సామాను లేకుండా ఇది జరగదు అనే మాటకి మన దేశంలోనే ఎప్పుడో జవాబు దొరికింది.

మొదటి వారం: ఏమీ చెయ్యకండి, చూడండి

ఇది చాలామందికి నచ్చదు కానీ దీన్ని దాటేస్తే మిగతాదంతా వృథా. ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకుని రోజుకి పావుగంట పిల్లల్ని చూడండి, ఫోన్ పక్క గదిలో పెట్టేసి. మాట్లాడకండి, మెచ్చుకోకండి, సాయం చెయ్యకండి. దేని దగ్గరికి తనంతట తను వెళ్తోంది, అక్కడ ఎంతసేపు ఉంది, ఎక్కడ విసుక్కుంది, ఇంతే రాసుకోండి. మా దాని నోట్సులో మూడు రోజులు వరసగా "మూత" అనే మాట ఉంది. కొబ్బరినూనె సీసా మూత, పౌడర్ డబ్బా మూత, వాటర్ బాటిల్ మూత, తిప్పుతుంది, తీస్తుంది, మళ్ళీ పెడుతుంది. నేను అప్పటిదాకా "మూతలన్నీ పారేస్తోంది" అని తిట్టేదాన్ని. అది అడుగుతున్న పాఠం మణికట్టు తిప్పడం. పెన్సిల్ పట్టుకోవడానికి ముందు కావాల్సింది సరిగ్గా అదే. ఒక పళ్ళెంలో ఆరు రకాల ఖాళీ సీసాలు, వాటి మూతలు విడిగా పెట్టి ఇచ్చాను, మూతల గొడవ అక్కడితో తీరింది.

ఇంటిని పిల్లల ఎత్తుకి దించండి

మోకాళ్ళ మీద కూర్చుని మీ ఇల్లు ఒకసారి చూడండి. పిల్లలకి అందేది ఏముంది? గ్లాసు పైన, నీళ్ళు పైన, తువ్వాలు పైన, చెప్పుల స్టాండులో వాళ్ళ చెప్పులు పై అరలో. ప్రతిదానికీ "అమ్మా" అనాల్సిందే, అన్నాక మనం విసుక్కోవాల్సిందే.

మార్చాల్సినవి ఇవి. వంటింట్లో కింది అర ఒకటి ఖాళీ చేసి అందులో వాళ్ళ పళ్ళెం, గ్లాసు, చెంచా పెట్టండి. గట్టు మీద ఉన్న వాటర్ ఫిల్టర్ అందదు కాబట్టి చిన్న కుళాయి ఉన్న స్టీలు డ్రమ్ము ఒక ముక్కాలి పీట మీద పెట్టి, పొద్దున్నే రెండు లీటర్లు పోసి ఉంచండి. తలుపు వెనక పిల్లల భుజం ఎత్తులో రెండు కొక్కేలు, ఒకటి బ్యాగుకి ఒకటి తువ్వాలుకి. సింక్ దగ్గర ఊగని, జారని బలమైన పీట. బట్టల్లో రోజూ రెండు జతలు మాత్రం కింద పెట్టి ఏది వేసుకుంటావో తియ్యి అనండి, బీరువా మొత్తం తెరిచిపెడితే అది ఎంపిక కాదు, గందరగోళం.

ఇక ఆట సామాన్లు. ప్లాస్టిక్ బుట్టలో అన్నీ గుమ్మరించి ఉంచితే పిల్లలు ఆ బుట్టని బోర్లించడం తప్ప ఏం చెయ్యరు. ఒక రెండు అరల షెల్ఫ్, లేకపోతే గోడవారగా ఒక చెక్క పలక రెండు ఇటుకల మీద పెట్టినా చాలు, దాని మీద ఆరు పనులు, ఒక్కోటి ఒక్కో పళ్ళెంలో. ఆరే. మిగతావి మంచం కింద పెట్టెలో. పది రోజులు ముట్టుకోని పళ్ళెం తీసి వేరేది పెట్టండి. కింద కూర్చుని చెయ్యడానికి ఒక చిన్న చాప, మనకి ఇది కొత్తేం కాదు కదా, చాప పరిచితే పని మొదలు, చుట్టేస్తే పని అయిపోయినట్టు. చాప చుట్టడం కూడా ఒక పాఠమే, మా దానికి వారం పట్టింది.

చూపించడం ఎలా (ఇది వస్తే సగం వచ్చినట్టే)

మనం పిల్లలకి పని నేర్పేటప్పుడు చేసే తప్పు ఒకటుంది, చేతులతో చూపిస్తూ నోటితో చెప్తూనే ఉంటాం. "ఇదిగో ఇలా పట్టుకో, అలా కాదు, జాగ్రత్త, పడిపోతుంది, చూశావా చెప్పానా." చిన్న పిల్లలు చేతినైనా చూస్తారు, మాటైనా వింటారు, రెండూ ఒకేసారి కుదరదు వాళ్ళకి. అందుకని చూపించేటప్పుడు నోరు మూసుకోండి. పిల్లలు కుడిచేతి వాటం అయితే వాళ్ళకి కుడి పక్కన కూర్చోండి, మీ చెయ్యి వాళ్ళకి అడ్డం రాకుండా. మీరు మామూలుగా చేసే వేగంలో నాలుగో వంతు వేగంతో చెయ్యండి. అయ్యాక "ఇప్పుడు నువ్వు" అనండి, మీ చేతులు ఒళ్ళో పెట్టుకోండి.

ఆ చేతులు ఒళ్ళో ఉంచుకోవడమే కష్టం. మొదటిసారి నీళ్ళు పోసే పని ఇచ్చినప్పుడు చెప్తా ఎలా ఉందో. పళ్ళెంలో రెండు చిన్న స్టీలు చెంబులు, ఒకదాంట్లో సగం దాకా నీళ్ళు, కనపడాలని కాస్త బీట్‌రూట్ రసం కలిపా. రెండు చేతులా ఎత్తింది, నాలుక బయటపెట్టి, ఊపిరి బిగబట్టి వంచింది. సగం లోపలికి, సగం పళ్ళెంలోకి. నా చెయ్యి గుడ్డ కోసం వెళ్ళబోయింది, ఆపుకున్నా. అది పళ్ళెంలో ఎర్రగా పాకిన నీళ్ళకేసి చూసింది, నా మొహం చూసింది, నేనేం అనలేదు, పక్కనే ఉన్న స్పాంజి తీసుకుని అద్దింది, చెంబులో పిండింది. మళ్ళీ పోసింది. ఆ పూట పదకొండు సార్లు పోసింది, తొమ్మిదోసారి నుంచి ఒక్క చుక్క కింద పడలేదు. నేను "జాగ్రత్త" అని ఒక్కసారి కూడా అనలేదు, తప్పు ఎక్కడ జరిగిందో ఆ నీళ్ళే దానికి చెప్పాయి. పనిలోనే తప్పు తెలిసిపోయేలా అమర్చాలి, మనం దిద్దక్కర్లేకుండా. ఈ పద్ధతిలో ఉన్న తెలివంతా ఇందులోనే ఉంది అనిపిస్తుంది నాకు.

తప్పుగా చేస్తే అప్పటికప్పుడు సరిచెయ్యకండి. మరుసటి రోజు ఎప్పుడో కొత్తగా చూపిస్తున్నట్టు ఇంకోసారి నెమ్మదిగా చూపించండి. సామాను విసిరినా, ఎవరినైనా కొట్టినా మాత్రం ఆ పళ్ళెం తీసి పైన పెట్టి "ఇది రేపు చేద్దాం" అని చెప్పండి, గొంతు పెంచకుండా. "వెరీ గుడ్, సూపర్" అని ప్రతిదానికీ చప్పట్లు కొడితే కూడా నష్టమే, పని మధ్యలో తల తిప్పి మన మొహం చూడటం అలవాటైపోతుంది. అయ్యాక "నువ్వే పోశావు, పళ్ళెం పొడిగా ఉంది" అని జరిగింది చెప్పండి, చాలు.

మొదటి నెల పనులు

పొడి వాటితో మొదలుపెట్టి తడి వాటికి వెళ్ళండి, చేత్తో మొదలుపెట్టి చెంచాకి, చెంచా నుంచి పట్టకారుకి. మొదట శనగలు (మూడేళ్ళ లోపు వాళ్ళకైతే వద్దు, కింద జాగ్రత్తలు చూడండి) ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి చేత్తో తియ్యడం, తర్వాత గరిటెతో, తర్వాత చిన్న చెంచాతో. రెండు చెంబుల మధ్య బియ్యం పొయ్యడం అలవాటయ్యాక నీళ్ళు. కాఫీ ఫిల్టర్ పక్కన ఉండే చిన్న గరాటుతో సీసాలో నీళ్ళు నింపడం. తడిగుడ్డ పిండడం (రెండు చేతులూ ఎదురెదురు తిప్పాలి, వేళ్ళకి దీన్ని మించిన వ్యాయామం లేదు). రాజ్మా, శనగలు, బొబ్బర్లు కలిపేసి వేరు చెయ్యడం. బట్టల క్లిప్పులు గిన్నె అంచుకి తగిలించడం. పాత చొక్కా ఒకటి అట్టకి చుట్టి గుండీలు పెట్టడం, తియ్యడం, ఒంటి మీద చొక్కాకి గుండీలు పెట్టుకునే ముందు ఇది రావాలి.

వీటి తర్వాత నిజం పనులు. నేను గట్టిగా నమ్మేది ఏంటంటే ఉత్తుత్తి కిచెన్ సెట్టు కంటే అసలు వంటిల్లు వంద రెట్లు మేలు. బఠాణీలు వలవడం, గోంగూర ఆకులు తుంచడం, కరివేపాకు దూయడం, ఉడికిన బంగాళదుంప తొక్క తీయడం, అరటిపండు ముక్కలు మొద్దు కత్తితో కొయ్యడం, నిమ్మకాయ పిండి ఉప్పూ చక్కెరా కలిపి షర్బత్ చెయ్యడం, చపాతీ పిండిలో చిన్న ఉండ దానికి ఇచ్చి చిన్న కర్రతో ఒత్తించడం. దాని చపాతీ ఏ దేశం పటంలా వచ్చినా కాల్చి దాని పళ్ళెంలోనే వెయ్యండి. గోంగూర తుంచిన రోజు మా పిల్ల మారు మాట లేకుండా గోంగూర పప్పు తింది, అంతకు ముందు ఆకుపచ్చది ఏం కనపడినా పక్కకి తీసేసేది.

కళ్ళు, వేళ్ళు, ముక్కు

మాంటిస్సోరి బళ్ళలో గులాబీ రంగు మేడ ఉంటుంది, ఒక సెంటీమీటరు నుంచి పది సెంటీమీటర్ల దాకా పది చెక్క ఘనాలు, పెద్దదాని మీద చిన్నది పేర్చుకుంటూ పోవాలి. అది కొంటే వేలల్లో ఉంటుంది. మన ఇళ్ళలో ఒకదాంట్లో ఒకటి పట్టే స్టీలు డబ్బాల సెట్టు ఉంటుంది కదా, అమ్మ పెళ్ళప్పుడు ఇచ్చింది, అదే మేడ. పేర్చితే మేడ, ఇమిడిస్తే ఇంకో పాఠం. సైజు తప్పితే మూత పట్టదు, ఎవరూ చెప్పక్కర్లేదు. కొనాలనే ఉంటే ఏటికొప్పాక బొమ్మలు కొనండి, అంకుడు కర్రతో చేసి లక్కలో సహజ రంగులు కలిపి వేస్తారు, చెయ్యి తిరిగిన పనివాళ్ళ నేర్పు ఆ నునుపులోనే తెలుస్తుంది.

పాత బట్టల్లోంచి పట్టు, నూలు, ఉన్ని, జనపనార ఒక్కోటి రెండేసి ముక్కలు కత్తిరించి కళ్ళు మూసుకుని జతలు కలపమనండి. చిన్న డబ్బాల్లో జీలకర్ర, యాలకులు, కాఫీపొడి, కర్పూరం కాకుండా సోంపు (కర్పూరం నోట్లో పెట్టుకుంటే ప్రమాదం) వేసి వాసన పట్టించండి. దీంతో పాటే మాటలు వస్తాయి, గరుకు, నునుపు, బరువు, తేలిక, చిక్కన, పలచన. డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉండి పిల్లలకి తెలుగు రావట్లేదని బాధపడే వాళ్ళు ఈ ఒక్క పని చెయ్యండి, పోపుల డబ్బా ముందేసుకుని కూర్చోండి, వాసనతో కలిపి నేర్చిన మాట మర్చిపోరు.

అక్షరాలు: ముందు చెవి, తర్వాత వేలు, పెన్సిల్ ఆఖరున

మొదట ఒట్టి ఆట. "నాకు ఇక్కడ ఒకటి కనపడుతోంది, 'ప'తో మొదలవుతుంది" అనండి, పలక, పప్పు, పళ్ళెం. రాత ఏమీ లేదు. నెలరోజులు బస్సులో, స్నానం చేయించేటప్పుడు, అన్నం కలిపేటప్పుడు ఇది ఆడండి.

తర్వాత గరుకు అక్షరాలు. హార్డ్‌వేర్ షాపులో ఉప్పు కాగితం అంటే ఇస్తారు, మరీ గరుగ్గా లేనిది తీసుకోండి. కాగితం వెనకవైపు అక్షరం తిరగేసి గీసి, నాలుగంగుళాల ఎత్తున కత్తిరించి, నున్నటి అట్ట మీద అతికించండి. అచ్చులకి ఒక రంగు అట్ట, హల్లులకి ఇంకో రంగు. చూపుడు వేలు, మధ్య వేలు కలిపి, మీరు రాసే దారిలోనే నెమ్మదిగా అక్షరం మీద నడపండి, చివర్లో ధ్వని పలకండి. నేర్పడం మూడు మెట్లు, సెగాన్ అనే ఫ్రెంచి డాక్టర్ నుంచి మాంటిస్సోరి తీసుకున్నది: రెండు మూడు అక్షరాలు పెట్టి "ఇది త, ఇది ల" అని చెప్పడం, ఆ తర్వాత "త ఏదీ, నా చేతిలో పెట్టు, ల తలుపు దగ్గర పెట్టు" అని ఆడించడం, ఆఖర్న ఒకటి చూపించి "ఇదేంటి?" అని అడగడం. రెండో మెట్టులోనే ఎక్కువసేపు ఉండండి. మూడోది తడబడితే అడగడం ఆపి రెండోదానికి వచ్చెయ్యండి, "నిన్న చెప్పాను కదా" అనే మాట అసలొద్దు.

అ ఆ ఇ ఈ వరసలోనే పోవాలని లేదు. ఋ, ౠ, ఙ, ఞ మూడేళ్ళ పిల్లకి ఎందుకు చెప్పండి? గుణింతం లేకుండా మాటలు వచ్చే అక్షరాలు ముందు తీసుకోండి. త, ల, వ, ప, క, డ, జ, గ, న, ఇవి వస్తే తల, వల, జడ, పలక, పడవ, గడప, నడక అన్నీ వచ్చేస్తాయి. చిన్న అట్ట ముక్కల మీద ఒక్కో అక్షరం రాసి డబ్బాలో వేస్తే పిల్లలే పక్కపక్కన పెట్టి మాట కడతారు, చెయ్యి ఇంకా రాయలేకపోయినా బుర్ర రాసేస్తుంది. నాలుగేళ్ళ మూణ్ణెల్లప్పుడు మా పాప నేల మీద జ, డ పెట్టి, కాసేపు దానికేసి చూసి, తన జడ పట్టుకుని నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. గుణింతాలు తర్వాత, గుడి, కొమ్ము, ఏత్వం విడి ముక్కలుగా కత్తిరించి అక్షరం మీద పెట్టి చూపిస్తే, ఒక గుర్తు మారితే ధ్వని ఎలా మారుతుందో కంటికి కనపడుతుంది.

మన అక్షరాభ్యాసం గుర్తు తెచ్చుకోండి. బాసరలో అయినా ఇంట్లో అయినా పళ్ళెంలో బియ్యం పోసి వేలితో రాయిస్తాం. ఆ పళ్ళేన్ని ఆ ఒక్క పూటతో తీసెయ్యకండి, బియ్యం బదులు సన్న ఇసకో బొంబాయి రవ్వో పోసి షెల్ఫ్ మీద పెట్టండి, గరుకు అక్షరం తడిమాక అందులో రాసుకుంటారు, నచ్చకపోతే పళ్ళెం ఊపేస్తే చెరిగిపోతుంది. ఆ తర్వాత పలక, బలపం. నోట్‌బుక్ ఐదేళ్ళకి వచ్చినా ఆలస్యం కాదు.

అంకెలు

ఒకటి నుంచి వంద దాకా గడగడా చెప్పే పిల్లని "నాలుగు చెంచాలు తే" అంటే గుప్పెడు తెచ్చిపెట్టడం చూసే ఉంటారు. కంఠస్థం వేరు, లెక్క వేరు. పది గ్లాసులు వరసగా పెట్టి సున్నా నుంచి తొమ్మిది దాకా అంకెలు అతికించండి, పక్కన సరిగ్గా నలభై ఐదు ఐస్‌క్రీమ్ పుల్లలు. ఒకటిలో ఒకటి, రెండులో రెండు వేసుకుంటూ పోతే ఆఖరికి పుల్లలు సరిగ్గా అయిపోవాలి. మిగిలినా తగ్గినా ఎక్కడో తప్పు పడిందని పిల్లలకే తెలుస్తుంది, వెనక్కి వెళ్ళి వెతుక్కుంటారు. సున్నా గ్లాసు ఖాళీగా ఉంటుంది, సున్నా అంటే ఏంటో దానికంటే బాగా ఏ టీచరూ చెప్పలేరు. తర్వాత పది పుల్లలకి ఒక రబ్బరు బ్యాండు, అది ఒక పది. పదకొండు నుంచి పందొమ్మిది దాకా పేర్లు కాస్త తిప్పలు పెడతాయి కానీ తెలుగులో ఇరవై ఒకటి, ఇరవై రెండు అని పదుల కట్ట, ఒకట్ల పుల్లలు చూస్తూనే చెప్పేయొచ్చు.

దీనితో పాటు వామనగుంటలు, అష్టాచెమ్మా ఆడండి, చింతపిక్కలు ఒక్కో గుంటలో ఒక్కోటి వేసుకుంటూ పోవడమే ఒకటికొకటి లెక్క. వాకిట్లో ముగ్గు చుక్కలు పెట్టించండి, ఐదు చుక్కలు, మూడు వరసలు.

రోజు ఎలా గడవాలి

పొద్దున్న గంటన్నర తెగని సమయం ఇవ్వగలిగితే చాలు. మాంటిస్సోరి బళ్ళలో మూడు గంటలు ఇస్తారు. ఆ గంటన్నరలో మధ్యలో పిలవకండి, పాలు తాగమని, ఫోటోకి చూడమని, తాతగారికి హాయ్ చెప్పమని. ఉద్యోగాలకి వెళ్ళేవాళ్ళు సాయంత్రం నలభై నిమిషాలు, ఆదివారం పొద్దున్న అనుకోండి, దానికే తేడా కనపడుతుంది. మిగతా రోజంతా బయట, మట్టి, నీళ్ళు, పరుగు. మూడు నాలుగేళ్ళ పిల్లలకి రోజుకి మూడు గంటలు ఒళ్ళు కదలాలని, స్క్రీన్ గంటకి మించకూడదని, ఎంత తక్కువైతే అంత మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మేం ఫోన్ మాన్పించలేదు ముందు, పని పెంచాం, ఫోన్ అడగడం తగ్గింది.

ఇంట్లో పెద్దవాళ్ళతో గొడవ పెట్టుకోకండి. మా అత్తయ్యకి మొదట్లో ఇదంతా పసిపిల్ల చేత చాకిరీ చేయించినట్టు అనిపించింది, "ఆ చిన్న చేతులతో గిన్నెలు తుడిపిస్తావేంటే" అనేవారు, అన్నం తనే కలిపి కథ చెప్తూ తినిపించేవారు. నేను వాదించడం మానేసి, "అత్తయ్యా, దానికి చిక్కుడుకాయలు ఈనె తీయడం మీరే చూపించండి, నాకంటే మీకు బాగా వచ్చు" అన్నాను. నేను ఇన్ని చదివి నేర్చుకున్న నెమ్మది ఆవిడ చేతిలో ఎప్పటి నుంచో ఉంది. ఇప్పుడు ఇద్దరూ పొద్దున్నే వసారాలో కూర్చుని కూరలు బాగుచేస్తారు.

జాగ్రత్తలు

మూడేళ్ళ లోపు వాళ్ళకి, ఇంకా నోట్లో పెట్టుకునే అలవాటున్న వాళ్ళకి శనగలు, పూసలు, చింతపిక్కలు వద్దు, పెద్ద వంకాయలు, బంగాళదుంపలు, నిమ్మకాయలతో చేయించండి. పప్పు గింజలు ముక్కులో, చెవిలో దోపుకుంటారు, పక్కనే కూర్చోవాల్సిందే. గురివింద గింజలు అందంగా ఉన్నాయని లెక్కలకి ఇస్తుంటారు కొందరు, అవి విషం, నమిలితే ప్రాణం మీదకొస్తుంది, ఆముదం గింజలు కూడా అంతే, గన్నేరు చెట్టు ఆకులు పూలు కూడా ముట్టనివ్వద్దు. బటన్ సెల్స్ (గుండీల్లాంటి చిన్న బ్యాటరీలు) ఉన్న బొమ్మలు ఇంట్లోంచి తీసెయ్యండి. నీళ్ళ పని అయ్యాక బకెట్టు ఖాళీ చెయ్యండి, జానెడు నీళ్ళు చాలు ప్రమాదానికి. పొయ్యి వెలుగుతున్నప్పుడు పీట గట్టు దగ్గర ఉండకూడదు, ఇది మా ఇంట్లో ఎవరూ తప్పకూడని రూలు.

స్కూల్ చూసేటప్పుడు

మాంటిస్సోరి అనే పేరు ఎవరి సొంతమూ కాదు, ఎవరైనా బోర్డు మీద రాసుకోవచ్చు, కాబట్టి బోర్డు చూడకండి, పొద్దున్న పదింటికి వెళ్ళి అరగంట క్లాసులో కూర్చోనిస్తారా అని అడగండి. మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలు ఒకే గదిలో కలిసి ఉన్నారా, ఎవరి పని వాళ్ళు చేసుకుంటున్నారా లేక అందరూ ఒకేసారి ఒకే పాట పాడుతున్నారా, సామాను పిల్లలకి అందే ఎత్తులో ఉందా లేక అద్దాల బీరువాలో తాళం వేసి ఉందా, పిల్లలు వాడి వాడి కొంచెం అరిగినట్టున్నాయా, టీచర్ కింద కూర్చుని ఉందా. మూడేళ్ళ పిల్లకి హోంవర్క్ ఉందని చెప్తే నమస్కారం పెట్టి వచ్చెయ్యండి.

మీ దగ్గర్లోని అంగన్‌వాడీని కూడా ఒకసారి చూడండి. 1975 అక్టోబరు 2న మొదలైన పథకం అది, మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకి భోజనంతో పాటు ఆటపాటలతో చదువు చెప్పడం కూడా దాని పనే, టీచరమ్మ ఓపికైన మనిషి అయితే చాలా బళ్ళ కంటే నయం. 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ళ దాకా ఒకే పునాది దశ అనీ, ఆటతో, చేతలతో, వీలైన చోటల్లా ఇంటి భాషలో నడవాలనీ చెప్పింది. "మరి ఒకటో క్లాసు అడ్మిషన్‌కి టెస్ట్ పెడితే?" అని భయపడే వాళ్ళకి, 2009 విద్యా హక్కు చట్టం ప్రకారం అడ్మిషన్ కోసం పిల్లలకి గానీ తల్లిదండ్రులకి గానీ టెస్టులు పెట్టకూడదు, ఆ మాట మర్యాదగానే వాళ్ళకి గుర్తుచెయ్యండి.

రేపు పొద్దున్నకి అయితే ఒక పళ్ళెం, రెండు చెంబులు, గుప్పెడు బియ్యం, ఒక చిన్న చీపురు తీసి పెట్టుకోండి. చీపురు మర్చిపోకండి, మొదటి రోజు బియ్యం కచ్చితంగా కింద పడతాయి, ఊడ్చి ఎత్తడం కూడా వాళ్ళకే చూపించండి.